లింగక్క వేలు

"తప్పు నీ వేలుదే, అక్కా! చేపలు కోసిన తడిచేత్తో రుద్దితే ఫోనేం జేస్తది?"

"మొన్నటిదాక గీ వేలుకే కదరా కదిలింది! నువ్వు తెరమీద గ్లాస్ అతికిచ్చినంకనే మొండికేసింది."

సిరొంచలో సునీల్ మొబైల్ దుకాణం ముందు లింగక్క అతన్ని నిలదీస్తోంది. అంకిస నుంచి రోజూ చేపల గంపతో వచ్చే మనిషి. గంప దించగానే చేతులు కొంగుకు తుడుచుకుని, రవికలోంచి ఫోన్ తీసి చూసుకుంటుంది. ఆష్టిలో ఉన్న కూతురు నవతకు నెలలు నిండాయి. ఇవాళ పొద్దున నవత ఫోన్ చేసింది. లింగక్క పచ్చగుర్తును ఎంత జరిపినా కదల్లేదు. మోగి మోగి ఆగిపోయింది. ఇప్పుడు సునీల్ తన ఫోన్‌తో చేస్తే అటువైపు స్విచాఫ్. గ్లాస్ మందంగా ఉందని సునీల్‌కూ తెలుసు, ఒప్పుకోడు. గొణుక్కుంటూనే గోరుతో పీకేశాడు.

"కిందపడితే తెర పలుగుతది మరి."

"పలగనియ్."

వేలు తగలగానే తెర కదిలింది. అయినా ఆమెకు నమ్మకం కుదరలేదు. రెండు చేతులతో ఫోన్ పట్టుకుని, పక్కనే నిలబడ్డ నా వైపు తిరిగింది.

"తమ్మీ, జర నీ ఫోన్ నుంచి నాకు కొట్టు. నేను ఎత్తంగనే పెట్టెయ్, మాట్లాడకు. నా బిడ్డ ఫోన్ రావాలె."