మగ్గానికి వినిపించాలి

ఎమ్మిగనూరులో బడి వదిలాక మేం పదిమందిమి ట్యూషన్‌కి ఆమె ఇంటికి చేరేవాళ్లం. మా అందరికీ ఆమె సాయంత్రం అక్క. ముందు గదిలో మేం చదువుతుంటే వెనక గదిలో వాళ్లాయన మగ్గం నేసేవాడు. ఆమె రాట్నం తిప్పుతూ, కండెలకు నూలు చుడుతూనే మా పాఠాలు వినేది.

నన్ను అక్కడ చేర్చింది మార్కుల కోసం కాదు. బడిలో సార్ రిజిస్టరులోంచి తల ఎత్తకుండా హాజరు పిలిచేవాడు. నా "ఉన్నాను సార్" ముందు బెంచీ దాకా కూడా పోయేది కాదు. ఆబ్సెంట్ పడేది. చివరికి, పేరు కొట్టేస్తానని ఇంటికి కబురు పెట్టాడు.

"బడి ఎగ్గొట్టి యాడ తిరుగుతాండావే?" అంది అమ్మ. నేను చెప్పిన జవాబు ఆమెకూ వినపడలేదు.

అక్క నన్ను తిట్టలేదు, బుజ్జగించలేదు. ఎవరు చదివినా ఒకటే మాట అనేది: "నాకు కాదు పాపా, మగ్గానికి ఇనిపించు." అది ఉపాయమో, ఆ మోతలో ఆమెకు నిజంగానే వినపడేది కాదో నాకిప్పటికీ తెలియదు. మనుషుల ముందు పెగలని గొంతు మగ్గం ముందు పెగిలింది. నెల తిరిగేసరికి లోపల మగ్గం ఆగి, "ఆ పాప పదమూడో ఎక్కం తప్పు సెప్తాంది సూడు" అని వాళ్లాయన గొంతు వినపడింది. అక్క ఆ రోజు అందరికీ బొరుగులు పెట్టింది.

మర్నాడు బడిలో హాజరు పలికాను. పక్క తరగతి సార్ పరుగున వచ్చి, "ఎవర్ని కొట్టినావప్పా?" అని మా సార్‌ని అడిగాడు.

సాయంత్రం అక్కతో చెప్పాను. ఆమె కండె మార్చుకుంటూ, "రేపట్నుంచి రోంత తగ్గించు పాపా. మీ సార్ పెద్దమనిషి" అంది.