తలుపుకి ఆనించిన క్యామ్ షాఫ్ట్

లారీల షెడ్డులో మేస్త్రికి చేతినిండా పనే గానీ, పేరు మాత్రం ఏనాడూ లేదు. బండి బాగుపడితే డ్రైవర్లు బండిని మెచ్చుకునేవాళ్లు. మళ్లీ మొరాయిస్తే మేస్త్రిని తిట్టేవాళ్లు. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. నా అనే దిక్కల్లా ఒక్క అక్క. రోజూ మధ్యాహ్నం క్యారియర్లో అన్నం తెచ్చి, తమ్ముడు తినేదాకా పాత టైర్ల మీద కూర్చునేది.

ఆ అక్క మొగుడిదీ లారీయే. ముసలి డీజిల్ బండి. లోడుతో కొండ ఎక్కుతుంటే వెనకున్న బళ్లన్నీ హారన్లు కొట్టి మరీ దాటిపోయేవి. దానికి నత్త అని పేరు పెట్టారు. ఆ మాట పడ్డప్పుడు బావ దారిలో కిక్కురుమనేవాడు కాదు, ఇంటికొచ్చి అక్క మీద విరుచుకుపడేవాడు. చేయి చేసుకునేవాడని నాజూగ్గా చెప్పుకుంటాం గానీ, కొట్టేవాడు, బెల్టుతో. ఇది మేస్త్రికి తెలుసు. తెలిసి ఏం చేశాడయ్యా అంటే, బండి బాగుచెయ్యడానికి పూనుకున్నాడు. బండి పరువు నిలబడితే బావ మనిషవుతాడని ఆ మహానుభావుడి నమ్మకం.

పాత క్యామ్ షాఫ్ట్ ఊడదీసి అక్క చేతిలో పెట్టాడు. గజం పొడుగు కడ్డీ, దాని నిండా కోడిగుడ్డు ఆకారపు బుడిపెలు. ఆ బుడిపెలే వాల్వుల్ని ఎత్తుతాయనీ, కొత్తదానివి ఇంకా ఎత్తు గనక ఇంజను గుండెనిండా గాలి పీలుస్తుందనీ, కొండని పెద్ద గేర్లోనే ఎక్కేస్తుందనీ చెప్పాడు. అయితే మీ బావ తొందరగా వచ్చేస్తాడా అని అడిగింది అక్క. ఒక రోజు ముందే దిగుతాడని మేస్త్రి నవ్వాడు. ఆమె క్యారియర్ గిన్నెలు సర్దుకుంది. సంతోషంతో నోట మాట రాలేదనుకున్నాడు, పిచ్చి మాలోకం.

కొత్త షాఫ్ట్‌కి కొత్త టాపెట్లు వేశాడు, గట్టి స్ప్రింగులు వేశాడు, డీజిల్ పంపు సరిచేశాడు. తొలి ట్రిప్పులోనే బండి కొండమీద అందరికీ దుమ్ము తినిపించింది. నత్త అన్న నోళ్లే షెడ్డుకి వచ్చి గురువుగారూ అన్నాయి. అడక్కుండానే టీ వచ్చేది. బావ అందరికీ "మా బావమరిది చేతి పని" అని చెప్పుకున్నాడు. ముందొక బూతు తగిలించకుండా ఆ మాట అతని నోట రావడం అదే మొదలు.

ఇంట్లో మాత్రం ఏమీ మారలేదు. ఓడినప్పుడు కోపంతో కొట్టినవాడు గెలిచినప్పుడు తాగి కొట్టాడు. నత్త కొండ మీద ఈడ్చుకుంటూ పోయిన ఆ అదనపు రోజే అక్క సొంతం. ఆ రోజే ఆమె నడుం వాల్చి నిద్రపోయేది. దాన్ని సొంత తమ్ముడే లాగేసుకున్నాడు.

ఒక మధ్యాహ్నం పెదవి వాచి వచ్చింది. అతను ముద్ద కలుపుతుంటే నెమ్మదిగా అంది.

"తమ్ముడూ, ఆ పాతది మళ్లీ బిగించవూ? బండి మెల్లగా పోతే మీ బావ మెల్లగా వస్తాడు. నాకా ఒక్కరోజు చాలురా."

మేస్త్రి ఇంకో ముద్ద కలిపాడు. బయట రెండు లారీలు అదే పని కోసం కాచుకుని ఉన్నాయి. బావ బండి మళ్లీ నత్తయితే తనని గురువుగారూ అనేదెవరు? అక్క పెదవి కన్నా ముందు అతనికి అదే తోచింది. థూ, ఏం బతుకది!

"పాత ఇనుముకి వేసేశానక్కా. ఈపాటికి కరిగించేసుంటారు."

అక్క తలెత్తింది. షెడ్డు తలుపు గాలికి కొట్టుకోకుండా దానికి ఆనించి ఉంది, గజం పొడుగు కడ్డీ, కోడిగుడ్డు బుడిపెలతో. తన చేతుల్లో పెట్టి చూపించినదే. దాన్ని చూసింది, తమ్ముణ్ని చూసింది. అతను కంచంలోంచి కళ్లు ఎత్తలేదు.

"పోనీలే. అన్నం చల్లారిపోతోంది, తిను" అంది.

అతను మెతుకు మిగల్చకుండా తిన్నాడు. ఆమె గిన్నెలు కడిగి క్యారియర్ మూసుకుంది. వెళుతూ ఆ కడ్డీని పక్కకి జరిపి, తలుపు తీసి, గడప దాటాక చెయ్యి లోపలికి పెట్టి దాన్ని మళ్లీ ఎక్కడిదక్కడ ఆనించింది.