హిమబిందుకు పడిన తిట్లు

జకరయ్య చేతులు గిన్నె మీద బిడ్డ పేరు చెక్కుతుంటే, నోరు ఆ పేరును తిడుతూ ఉండేది. రెండూ ఒకేసారి జరగాలి. నోరు ఆగితే సుత్తి కూడా ఆగిపోయేది.

నంద్యాల పాత్రల అంగళ్ల వీధిలో ఒక గోడ వారన గోనెపట్ట పరుచుకుని కూర్చునేవాడు. పెండ్లి బిందెల మీద పెద్దవాళ్ల పేర్లయితే మూగవాడిలా చెక్కి ఇచ్చేవాడు. బిడ్డ పేరు వినబడితే మాత్రం పూనకం వచ్చేది.

ఒకామె "శిరీష" అంది. "ఏందమ్మా, తుమ్మినావా?" అన్నాడు.

ఇంకొకాయన "రాజేష్" అన్నాడు. "గడివేముల బడిలో ఆ పేరు పెట్టి ఒక్క కేక వెయ్యి. ముప్పై మంది తిరిగి చూస్తారు. నీ కొడుకు ఒక్కడూ చూడడు."

ఒక అయ్యవారు ముచ్చటపడి "ప్రియదర్శిని" అన్నాడు. "గిన్నె చుట్టూ తిరిగొచ్చినా పేరు అయిపోలేదు సామీ. ఇంకో గిన్నె కొనుక్కొనిరా!"

డెబ్బైల మొదట్లో ఆయన ఉలి కిందికి పుల్లయ్యలు, రామమ్మలు, మద్దిలేటిలు వచ్చేవాళ్లు. ఆ పేర్లను పల్లెత్తు మాట అనేవాడు కాదు. తర్వాత సరోజలు, ప్రసాదులు వచ్చారు. గొణగడం మొదలైంది. ఎనభై దాటి స్వప్నలు, కిరణ్‌లు దిగేసరికి గొణుగుడు కాస్తా కేకైంది. పేరు ఎంత నాజూకైతే తిట్టు అంత మొరటు.

వీధిలో చెక్కేవాళ్లు వేరే లేక కాదు. జకరయ్య కొట్టిన అక్షరం ముప్పై ఏండ్లు బూడిదేసి తోమినా అరిగేది కాదు. ఆ చెయ్యి కావాలంటే ఆ నోటిని భరించాల్సిందే.

ఎనభై మూడు మే నెలలో శిరివెళ్ల రంగయ్య ఆ గోనెపట్ట ముందుకొచ్చి నిలబడేసరికి చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. ఎండ ఒక్కటే కారణం కాదు. అతని చేతిలో గుడ్డలో చుట్టిన వెండి ఉగ్గుగిన్నె ఉంది. మరునాడు కూతురికి పేరు పెట్టడం. మూడో బిడ్డ. ముందు ఇద్దరూ పేరు పెట్టిన నెలకే పోయారు. వాళ్లకు ఆళ్లగడ్డలో చెక్కించిన గిన్నెలు రెండూ ఇంటి అటక మీదున్నాయి. ఈసారి ఆ ఊరి ఉలి తగలకూడదని భార్య సుగుణమ్మ ఒట్టు పెట్టించుకుంది.

అతని తల్లి పట్టు ఇంకోటి. "పుల్లమ్మని పెట్టండ్రా. పుల్లాకంటే ఎంగిలాకు. ఆ పేరు పెడితే చావు ముట్టుకోదు."

"బతికినాక ఆ పేరుతో ఇస్కూలుకు ఎట్ల పోతాది?" అని సుగుణమ్మ ఏడ్చింది.

రంగయ్య ఇద్దరికీ తలూపి బస్సెక్కాడు. భార్య చెప్పిన పేరే చీటీ మీద రాయించుకున్నాడు. దారి పొడవునా ఒకటే గుబులు. ఆ ముసలాయన నోటి నుంచి ఏం వస్తుందో! అది బిడ్డకు తగిలితే!

అందుకే గిన్నెతో పాటు చీటీని మడిచి ఇచ్చాడు. "పెద్దాయనా, పేరు దీంట్లో ఉంది. బయటికి చదవాకు. చెక్కి ఇయ్యి చాలు."

"అబ్బో! బిడ్డ పేరా, దొంగసొత్తా?"

జకరయ్య చీటీ విప్పాడు. పక్కన టీ అంగడి దావీదు గ్లాసులు కడగడం ఆపి చెవి ఇటు పెట్టాడు. సుత్తి పైకి లేచింది.

"హిమబిందు! ఓరి నీ తెలివి తెల్లారినట్లే ఉంది! నంద్యాల, మే నెల, హిమబిందు! బండలే పగుల్తాండాయి ఈ ఎండకు. నీ బిందు మధ్యాహ్నానికి ఆవిరైపోతాది గదప్పా!"

టీ అంగడి ఘొల్లున నవ్వింది. రంగయ్య వంగి గిన్నెను లాక్కున్నాడు. పట్టు జారి అది కాస్తా బండల మీద పడి దొర్లింది.

"ఏమైందబ్బీ?"

"ఇద్దురు పోయినారు పెద్దాయనా. ఇది మూడోది. నువ్వేమో ఆవిరైపోతాదంటాండావు."

జకరయ్య నోరు మూతబడింది. బిడ్డ పేరు మధ్యలో ఆ నోరు ఆగడం ఆ వీధి అంతవరకు చూడని వింత. లేచి వెళ్లి గిన్నెను తెచ్చి, తువ్వాలుతో తుడుస్తూ కూర్చున్నాడు.

"ముందు ఇద్దురి పేర్లూ విని ఎవురన్నా తిట్టినారా?"

"లేదు. అందురూ శానా బాగుందన్నారు."

"మా నాయన పేరు పెంటయ్య," అన్నాడు జకరయ్య. గొంతు తగ్గింది. "ముందు ముగ్గురు పోతే, మా జేజి ఆయన్ను పెంటకుప్ప మింద పండబెట్టి, మళ్లా ఎత్తుకొచ్చి ఆ పేరు పెట్టింది. డెబ్బై ఏండ్లు బతికినాడు. డెబ్బై ఏండ్లూ ఊరు నవ్వింది. ఇప్పుడెవురూ అట్లాంటి పేర్లు పెట్టరు. పెట్టొద్దు గూడా. అందుకే ఆ పెంటేదో నేనే ఈడ ఒకసారి పోసి పంపిస్తాండా. జన్మంతా మోసే పని బిడ్డకెందుకు?"

"తిడితే బతుకుతారా?"

"నాకేం తెల్సు? నేను పాస్టరునా, డాక్టరునా? నేను తిట్టిన బిడ్డలు బడికి పోయేటప్పుడు టిఫిను డబ్బాల మింద పేర్లు కొట్టించేకి మళ్లా వస్తాండారు. నాకు తెలిసింది అంతే. ఈ పొద్దు తిట్టు వంకర కొట్టినా. తప్పు నాదే. సరిచెయ్యాల. నువ్వు తిట్టు."

"నా బిడ్డనా?"

"బిడ్డను కాదప్పా! పేరును."

రంగయ్య మెల్లగా అన్నాడు. "పేరు... అంత బాగలేదు."

"అదేం తిట్టన్నా, పొగిడినట్లుంది!" అంటూ దావీదు గ్లాసు పక్కన పెట్టి వచ్చాడు. "హిమబిందంట! సోడా కంపెనీ మాదిరుంది!"

బిందె బేరమాడుతున్న ఒక ముసలామె తిరిగి చూసింది. "పూర్తిగా పిలిచేలోపల బిడ్డ పాలు తాగి నిద్రపోతాది!"

ఎదురంగడి నుంచి ఇంకో కేక. "ఊరి మొత్తానికి ఇంతకన్నా పాడు పేరు దొరకలేదా?"

రంగయ్య ఊపిరి గట్టిగా పీల్చాడు. "మా ఎనుముకు పెట్టినా అది పలకదు ఆ పేరుకు!"

"అద్దీ! తగిలింది!" జకరయ్య సుత్తి టకటకా ఆడింది.

నాలుగు అక్షరాలు చెక్కడానికి పట్టిన సేపు కంటే, పడినప్పుడు నొక్కుకుపోయిన కొసను సరిచేయడానికే ఎక్కువ సేపు పట్టింది. ఆకురాయితో మెల్లగా రుద్దాడు. తన పెదవికి ఆనించి చూసుకున్నాడు. తృప్తి కలగలేదు. మళ్లీ రుద్ది, మళ్లీ ఆనించుకున్నాడు. తర్వాత కడిగి తుడిచి ముందుకు చాపాడు.

"చూసుకో. ఎట్లుంది?"

రంగయ్య అక్షరాల మీద వేలు పోనిచ్చాడు. వీధంతా వినేలా చెప్పాడు.

"శానా దరిద్రంగా ఉంది పెద్దాయనా!"

జకరయ్య గిన్నెను అతని చేతిలో పెట్టాడు.