లాత్వియా ఆవుకి పసుపు కుంకుమ

మా వీధికి పాలు పోసే తాత పోయాడు. ఈ వారం ఒక పొద్దున్న పాలు రాలేదు. ఫోన్ చేస్తే కొడుకు ఎత్తాడు. "అయ్య ఎలిపోయేడమ్మా" అన్నాడు.

అనకాపల్లిలో ప్యాకెట్ పాలు దొరకని కొట్టు లేదు. అయినా నేను తాత పాలే పోయించుకునేదాన్ని. నీళ్ళు కలిపేవాడు కాదా అంటే, కలిపేవాడు. నిలదీస్తే "పండగలకి కలపను కదమ్మా" అని నవ్వేవాడు.

నాకు విదేశీ నాణేలు దాచే పిచ్చి. యూరప్‌లో లాత్వియా అని ఓ చిన్న దేశం ఉంది. తమకు ప్రియమైన వాటి గౌరవార్థం వాళ్ళు రెండు యూరోల నాణేలు వేస్తుంటారు. ఓసారి నల్ల కొంగ, మరోసారి తమ గోధుమరంగు పాడి ఆవు. ఆ ఆవు నాణెం నా చేతికొచ్చిన రోజు తాతకి చూపించాను.

తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏటి పంతులమ్మా, డబ్బు మీద రాజుల్ని కదా ఎడతారు. ఆవునెట్టేరా?"

"వాళ్ళకి పాడంటే అంత గౌరవం, తాతా."

"మూపురం నేదు పాపం. అయినా మాలచ్చిమే" అని కళ్ళకద్దుకున్నాడు.

అప్పటికి వాళ్ళింట్లో గొడవ నడుస్తోంది. ఆవు ముసలిదైంది, అమ్మేద్దామని కొడుకు. వద్దని తాత. "ఒకపాలి ఇంటికి అట్టుకెల్తానమ్మా. మా ఆవుకి సూపించాల" అని నాణెం అడిగాడు. మేం నాణేల పిచ్చివాళ్ళం వేలిముద్ర కూడా పడనివ్వం. కానీ ఆ ముఖం చూశాక కాదనడానికి నోరు రాలేదు.

మర్నాడు నాణెం పసుపు కుంకుమలతో తిరిగొచ్చింది. తుడిచేద్దామని చెంగు ఎత్తాను. తాత మాత్రం వెలిగిపోతున్నాడు.

"సూపించేను. వాసన సూసింది. మావోడికీ సూపించేను. ఒక దేశం దేశమే నెత్తినెట్టుకున్నదాన్ని మనం సంతకి తోలెత్తామేట్రా అనడిగేను."

ఆ బొట్టు నేను తుడవలేదు. ఎక్కడి లాత్వియా, ఎక్కడి మా తాత! వాళ్ళు తమ ఆవుకిచ్చిన గౌరవాన్ని ఇంత నిండుగా అందుకున్న మనిషి ఆ దేశంలోనైనా ఉన్నాడో లేదో. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక ఆవు గతేమిటన్న బెంగతో నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. కొట్టంలోనే ఉంది. చెరకాకు ముందున్నా ముట్టడం లేదు. ఎవరినీ పొదుగు మీద చెయ్యి వెయ్యనివ్వడం లేదట.

కొడుకు లోపలికెళ్ళి తండ్రి చొక్కా తొడుక్కుని, పాల చెంబుతో వచ్చాడు. ఉతకని చొక్కా, భుజాల దగ్గర బిగుతుగా ఉంది. "దీన్నెక్కడికీ పంపను పంతులమ్మా" అన్నాడు, నేను అడక్కుండానే.

ఆవు ఆ చొక్కా వాసన చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కాళ్ళు సర్దుకుని నిలబడింది.