గృహకృత్యాల సెలవులో నవల

2011 ఆగస్టు నాటికి నేను తిల్దాలోని ధాన్యపు గిడ్డంగిలో, క్వాలిటీ విభాగంలో టెక్నికల్ అసిస్టెంటుని. ఇల్లు రాయపూర్ మోవాలో. పొద్దున్నే పాసింజరు ఎక్కి వెళ్ళి, సాయంత్రం మళ్ళీ రైల్లోనే ఇంటికి చేరేదాన్ని. బియ్యం బాగున్నాయో లేదో తేల్చి సంతకం పెట్టడం మా బాధ్యత. ఆ సంతకం లేకుండా లారీలోంచి సరుకు దిగదు.

ప్రభుత్వం కొన్న ధాన్యాన్ని మిల్లులు ఆడించి, బియ్యం చేసి మాకు అప్పగిస్తాయి. లారీ రాగానే బస్తాల్లోకి పర్ఖీ గుచ్చి నమూనా తీస్తాం. పర్ఖీ అంటే మొన తేలిన ఇనుప గొట్టం. తీసిన గింజలన్నీ కలిపి పళ్ళెంలో పోసి, నూకలు, రంగు మారినవి, పురుగు తిన్నవి వేరుచేసి తూస్తాం. తేమ మీటరుతో చూస్తాం. ఏ ఒక్కటి హద్దు దాటినా లారీ వెనక్కే. ఏరుతున్నంతసేపూ మిల్లు మనిషి ఎదురుగా నిలబడి మా వేళ్ళకేసి చూస్తుంటాడు. చలికాలం నుంచి వేసవి చివరిదాకా ఇదే పని, ఊపిరాడదు. వానలు పడ్డాక లారీల రాక తగ్గుతుంది. సెలవులు పెట్టేవాళ్ళు అప్పుడే పెడతారు.

నేనూ అప్పుడే పెట్టాను, నెలరోజులు. రైల్లో ముక్కలు ముక్కలుగా రాసుకుంటూ వచ్చిన నవల ఒకటి సగంలో ఉంది. పైడమ్మ అనే మిల్లు కూలీ కథ. దసరాలోపు పంపితే ఈ ఏడాదే వేస్తానని విజయవాడ పబ్లిషరు ఒకాయన మాటిచ్చారు. సెలవు దరఖాస్తులో కారణం రాయాలి. నవల అని రాస్తే నవ్వుతారని ‘గృహకృత్యాలు’ అని రాశాను. మేనేజరు తివారీగారు అది చదివి, ఇంట్లో పెళ్ళేమైనా ఉందా అని అడిగారు. పేరుకుపోయిన పనులున్నాయి సార్ అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు.

ఇంట్లో ఉండేది ముగ్గురం. మావారు రమణ ఉక్కు వ్యాపారి దగ్గర లెక్కలు రాసేవారు. అత్తయ్యది పలాస వైపు పల్లె. మామయ్య పోయాక మా దగ్గరికి వచ్చింది. సెలవులో మొదటి రెండు వారాలూ వెనకగదిలో కూర్చుని రాశాను. డాబా కారుతోందంటే నవలయ్యాక చూద్దామన్నాను. చుట్టాలకి ఫోన్లు, బందు దగ్గర విరిగిన అల్మరా తలుపు, అన్నీ నవలయ్యాకే. వంట మావారూ అత్తయ్యా పంచుకున్నారు.

అలా సాగి సాగి ఒకచోట ఆగింది. పైడమ్మ అక్క ఇంటికి వెళ్ళి ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి కూర్చునే ఘట్టం అది. దాన్ని దుఃఖంగా రాశాను. కొట్టేసి మళ్ళీ రాశాను. ఎన్నిసార్లు రాసినా బొమ్మ కూర్చున్నట్టే ఉంది కానీ మనిషి కూర్చున్నట్టు లేదు.

ఆ పేజీతోనే కుస్తీ పడుతుంటే ఒక మధ్యాహ్నం మాడు వాసన వచ్చింది. వంటింట్లోకి వెళ్తే కుక్కరు విజిల్ మీద విజిల్ వేస్తోంది. అత్తయ్య దాని పక్కనే పీట మీద కూర్చుని బెండకాయలు తరుగుతోంది. స్టవ్ ఆపి, విజిళ్ళు వినలేదా అత్తయ్యా అన్నాను. ఆవిడ నా పెదాలకేసి చూసి, “ఏటి?” అంది.

సాయంత్రం మావారికి చెప్పాను. “నాకూ కొన్నాళ్ళుగా అనుమానమే. నువ్వు రాసుకుంటున్నావని చెప్పలేదు” అన్నారాయన. చెవి ఎక్కడికీ పోదు, ముందు పుస్తకం పూర్తిచెయ్యి, దసరా దాటితే ఏడాది ఆగాలి కదా అని కూడా అన్నారు. న్యాయమైన మాటే. కానీ మర్నాడు కాగితాల ముందు కూర్చుంటే మనసు వంటింట్లోనే ఉంది. కాగితాలు కట్టగట్టి బీరువాలో పెట్టేశాను. దరఖాస్తులో రాసిన కారణం ఆ రోజు నుంచి నిజమైంది.

చెవి డాక్టరు చూసి, ఒక చెవిలో గులిమి రాయిలా గట్టిపడిందని చెప్పి, చుక్కలు వేసి రెండు రోజుల తర్వాత తీశాడు. రెండో చెవిది వయసు వల్ల వచ్చిన చెవుడు, దానికి మిషను పెట్టాలన్నాడు. తిరిగి వస్తుంటే అత్తయ్య ఆటో డ్రైవరు వీపు మీద తట్టి, ఇంత గోల చేస్తందేటి నీ బండి అని తెలుగులోనే అడిగింది. అతనికి ఏం అర్థమైందో, స్పీడు తగ్గించాడు. ఆ వారంలోనే డాబాకి తారు పూయించాను, కుక్కరు బాగుచేయించాను, చుట్టాలందరికీ ఫోన్లు చేశాను. చెప్పొద్దూ, హాయిగా ఉంది.

ఇంతలో తీజా వచ్చింది. ఛత్తీస్‌గఢ్ ఆడవాళ్ళకి అది పుట్టింటి పండగ. అన్నో తమ్ముడో వచ్చి తీసుకెళ్తాడు. ఉపవాసానికి ముందురోజు సాయంత్రం ఇరుగుపొరుగు ఇళ్ళకి వెళ్ళి కాకరకాయ కూరతో అన్నం తింటారు. కరు భాత్ అంటారు దాన్ని. పక్కింటి సరితని ఆ ఏడు అప్పటికింకా ఎవరూ వచ్చి తీసుకెళ్ళలేదు. వాళ్ళమ్మ పోయిన ఏడాది అది. తనింట్లోనే కరు భాత్ వండి మమ్మల్ని పిలిచింది.

వడ్డించి మా ఎదురుగా కూర్చుంది కానీ మాట్లాడలేదు. ఫోను మోగింది. పేరు చూసి పక్కన పెట్టేసింది. అన్నయ్యేనా అని అడిగితే తలూపింది. తల్లి గుర్తొచ్చి బాధపడుతోందనుకుని నేను మెల్లగా ఓదార్పు మాటలు మొదలుపెట్టాను. అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుంది.

“ఊరుకో. ఏడుస్తందనుకున్నావేటి? అలిగింది” అంది.

“ఎలా తెలుసు?”

“ఏడిసినోళ్ళు ఫోను ఎత్తుతారు. మళ్ళీ చేస్తే ఎత్తుతాది సూడు. ముందు తిడతాది.”

మళ్ళీ మోగింది. సరిత ఎత్తి, తిట్టి, తర్వాత కళ్ళు తుడుచుకుని, ఎన్నింటికి బయల్దేరుతున్నావని అడిగింది. మర్నాడు తెల్లవారేసరికి అన్నగారు మోటారుసైకిలు మీద వచ్చాడు. వెళ్తూ సరిత మా గేటు దగ్గర ఆగి, రాత్రి అమ్మాజీ తెలుగులో ఏమందో చెప్పమని అడిగింది, అత్తయ్యని అలాగే పిలిచేది. చెప్పాను. నవ్వింది.

ఆ రోజే కాగితాలు బయటికి తీశాను. పైడమ్మ కూడా అలిగిందే. అక్క వచ్చి తనని బతిమాలాలని ఎదురుచూస్తోంది. అలా అనుకోగానే ఘట్టం కదిలింది. మిగిలిన సెలవు రోజుల్లో పొద్దున రాసిందాన్ని మధ్యాహ్నం అత్తయ్యకి చదివి వినిపించేదాన్ని. నచ్చకపోతే, “ఇలగ కాదు” అనేది. ఎందుకో చెప్పేది కాదు. నాకు తెలిసిపోయేది.

సెలవు అయిపోయింది, నవల అవలేదు. దసరాకి అందదని పబ్లిషరుకి ఫోన్ చేసి చెప్పాను. ఈ ఏటి పుస్తకాలు నిండిపోతాయమ్మా, పైయేడు చూద్దాం అన్నారు. పైయేడే వచ్చింది.

ఆ తర్వాత ఇంకో రెండు నవలలు రాశాను. వాటికోసం సెలవు పెట్టలేదు. పొద్దున కాసేపు రాసి, మిగతా రోజు ఇంటికీ గిడ్డంగికీ వదిలేశాను. వరసపెట్టి రాస్తే పేజీలు త్వరగా నిండుతాయి కానీ, ఆ పేజీల్లోకి రావలసిన మనుషులు అవతలి గదిలోనే ఉండిపోతారు. ఆ రెండు పుస్తకాలూ ఆలస్యంగానే వచ్చాయి. దానివల్ల ఎవరికీ నష్టం జరగలేదు.