తోలు, థోల్: ఒక ఒత్తు తేడా

ఎనభైల మొదట్లో అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో ఉండేవాళ్ళం. ఉన్న ఒక్క కారూ పొద్దున్నే మా ఆయనతో ఆఫీసుకి వెళ్ళిపోయేది. నేను మందుల కంపెనీ ల్యాబ్‌కి మా సీనియర్ కారులో వెళ్ళేదాన్ని. ఆవిడది స్కాట్లాండ్. అరవై దాటింది, తుంటి నొప్పి. నన్ను 'హెన్' అనేది. కోడిపెట్ట అంటోందేమోనని కొన్నాళ్ళు నొచ్చుకున్నాను. వాళ్ళ వైపు అది 'అమ్మాయీ' లాంటిదట.

వేసవికి ఆవిడ రిటైరై కూతురి ఊరికి వెళ్ళిపోతుంది. ఈలోగా నాకు లైసెన్స్ రాకపోతే ఉద్యోగం మానుకోవడమే. రోజంతా ల్యాబ్‌లో నిలబడి, ఇంటికొచ్చి వంట చేసి, ఆపైన ప్రాక్టీసుకని మా ఆయన పక్కన కూర్చునేసరికి, కారు కన్నా ముందు నేనే న్యూట్రల్‌లో పడేదాన్ని.

రోడ్ టెస్ట్ రెండోసారి తప్పిన మర్నాడు ఆవిడ దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాను. అంతా విని, "యూ జస్ట్ హావ్ టు థోల్ ఇట్, హెన్" అంది.

మా వైపు కారైనా ఎద్దుబండైనా తోలడమే. ఈవిడకి తెలుగెలా వచ్చింది? వాళ్ళ తాతగారు మన రైళ్ళలో పనిచేశారు కాబోలనుకుని, అదే కదా చేస్తున్నాను, వాళ్ళే పాస్ చెయ్యడం లేదన్నాను. కాసేపు ఎవరేం మాట్లాడుతున్నామో ఇద్దరికీ తెలియలేదు. థోల్ అంటే వాళ్ళ పాత మాటల్లో ఓర్చుకోవడమని చివరికి తేలింది. పంటినొప్పిని థోల్ చేస్తారు, ముసురును చేస్తారు, అత్తగారిని కూడానట. మాకు తోలు అంటే ఒంటిమీద చర్మం కూడా, అది మందమైతే థోల్ చెయ్యడం తేలికేనన్నాను. ఆవిడ నవ్వి, తుంటి సర్దుకుంది.

ఆ మాట నాకు మంచి సాకైంది. మళ్ళీ టెస్టుకెప్పుడని అడిగినప్పుడల్లా, థోల్ చేస్తున్నాననేదాన్ని. ఆవిడ ఓపిక పట్టి పట్టి, "బాగుచేసుకోగలిగినదానికి ఆ మాట వాడకూడదు" అంది. ఆ సాయంత్రం పార్కింగ్ లాట్‌లో తాళాలు నా చేతిలో పెట్టి పక్క సీట్లో కూలబడింది. పర్సులో లెర్నర్ పర్మిట్ ఉంది. సాకే లేదు.

దారి పొడుగునా ట్రక్కులవాళ్ళు హారన్లతో తిట్టారు. ఇంటి ముందు ఆపేసరికి నా చేతులు స్టీరింగ్‌నీ, ఆవిడ చేతులు డోర్ హ్యాండిల్‌నీ వదలనన్నాయి. ఎలా తోలానని అడిగాను.

"ఐ థోల్డ్ ఇట్, హెన్. రేపూ నువ్వే."

ఆ వసంతమంతా నేను తోలాను, ఆవిడ థోల్ చేసింది. మూడో టెస్టు పాసయ్యాను. ఆవిడ పాత కారే కొనుక్కున్నాం. ఆవిడ వెళ్ళిన సోమవారం పక్క సీట్లో లంచ్ బాక్స్ పెట్టుకుని ఒక్కదాన్నే బయల్దేరాను. ట్రక్కులు అలాగే తిట్టాయి. వాటికి నా తోలు మందమైంది. పక్క సీటు ఖాళీ మాత్రం బాగుచేసుకోగలిగినది కాదు.