అమ్మోరి సెలవు అడిగాక

క్యాంప్-టూలో మా వరసలో చివరి ఇల్లు అప్పలకొండ పిన్నిది. ఆవిడ భర్త అప్పలసూరి బాబాయి ఉక్కు ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పనిచేసేవాడు. తెల్లవారుతూనే నల్లా దగ్గర పిన్ని గొంతు వినబడితేనే మాకు నీళ్ళొచ్చినట్టు తెలిసేది.

"ఛాయా దీదీ, నీ బాల్టీకి కాళ్ళున్నాయేటి? ఎనకాల పెట్టినావు, ముందుకొచ్చీసింది," అనేది. ఛాయ దీదీకి తెలుగు సగమే అర్థమైనా నవ్వుతూ బకెట్ వెనక్కి జరుపుకునేది.

ఆ గొంతు అంతకుముందు ఒకసారి పోయి తిరిగొచ్చిందే. కూతురు రజనీకుమారి పుట్టిన కొన్నాళ్ళకు పిన్ని మొహం ఉబ్బి, మాట బొంగురుపోయి, కూర్చున్నచోటే నిద్రపోయేది. ప్లాంటు ఆస్పత్రిలో రక్తం పరీక్ష చేసి, థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయడం లేదన్నారు. రోజూ పరగడుపున ఒక చిన్న తెల్లమాత్ర, బతికున్నంతకాలం మానకూడదన్నారు. కొన్ని నెలలకు పిన్ని మళ్ళీ పిన్ని అయింది.

పాపకు ఏడేళ్ళప్పుడు, ఎండలు మొదలవుతుండగా ఒళ్ళంతా పొక్కులు లేచాయి. అమ్మోరు వచ్చిందని గుమ్మానికి వేపమండలు కట్టారు. ఇంట్లో పోపు మానేశారు. బాబాయి అక్క అప్పలనర్సమ్మ దగ్గర్లోని కుమ్హారి నుంచి వచ్చి పాప పక్కన కూర్చుంది. మర్నాడు పొద్దున్న పిన్ని మాత్ర చేతిలో వేసుకోవడం చూసింది.

"ఏటే అది? అమ్మోరు ఇంట్లో ఉండగా మందు మింగుతావా?"

"ఇది పాపకి కాదు వదినా. నా జబ్బుకి."

"ఎవులికైతేనేటి? ఇంటికొచ్చిన తల్లిని నమ్మనట్టే కదా."

పిన్ని మాత్రల సీసా అటక మీద పెట్టేసింది.

పొక్కులు మాడిపోయాయి. పాపకు వేపనీళ్ళు పోసి, చద్ది నైవేద్యం పెట్టి, ఏడాది తిరిగాక పసుపునీళ్ళ ఘటం నెత్తినెత్తుకుని గుడికి వస్తామని అమ్మోరికి మొక్కుకున్నారు. మాత్ర లేకుండా అన్ని రోజులు గడిచినా పిన్నికి ఏమీ కాలేదు. ఆ మందు ఒంట్లోంచి నెమ్మదిగా దిగిపోతుందని మాలో ఎవరికీ తెలియదు. "పాప పొక్కుల్తోపాటు నా జబ్బు కూడా అమ్మోరే పట్టుకుపోనాది," అని పిన్ని నల్లా దగ్గర అందరికీ చెప్పింది. మళ్ళీ మింగితే తల్లి చేసిన మేలు కాదన్నట్టేనని అప్పలనర్సమ్మ చెప్పి వెళ్ళింది.

వానాకాలం నాటికి పిన్ని నల్లాకు అందరికన్నా వెనక వచ్చేది. ఛాయ దీదీ బాల్టీ ముందుకు జరిగినా ఏమీ అనేది కాదు. "తిని కూకుంటే ఒళ్ళు రాదేటి," అని ఆడవాళ్ళు నవ్వుకున్నారు. నేను ఎనిమిదో క్లాసుతో బడి మానేసి ఇంట్లోనే ఉండేదాన్ని. మధ్యాహ్నాలు ఆవిడ దువ్వెనలోంచి జుట్టు ఉండలుగా తీయడం కనబడేది.

"పిన్నీ, మాత్రలు మళ్ళీ వేసుకోరాదా?" అన్నాను.

మాటకీ మాటకీ మధ్య ఆగుతూ చెప్పింది. "ఏడాది తిరగనీ అమ్మా. అమ్మోరికి ఘటం ఎత్తినప్పుడు సెలవడుగుతాను. అడక్కుండా మింగితే... పాపకి మళ్ళీ వచ్చీస్తే?"

చలికాలంలో బొగ్గుల సిగిడీ పక్కన, రెండు దుప్పట్లు కప్పుకుని కూడా వణికేది. బాబాయి ఆస్పత్రికి రమ్మంటే, "ఘటం అయిపోనీ," అనేది. ఆయన పాప వైపు చూసి ఊరుకునేవాడు.

ఒక ఉదయం ఆయన డ్యూటీ దిగి వచ్చి ఎంత లేపినా పిన్ని లేవలేదు. ఒళ్ళు చల్లగా ఉంది. ఆస్పత్రిలో డాక్టరు మాత్రలు ఎప్పటినుంచి మానేసిందని అడిగితే, "పాపకి అమ్మోరు వచ్చినప్పట్నుంచి," అన్నాడు బాబాయి. సూదిమందు ఇచ్చారు. పిన్ని కళ్ళు తెరవకుండానే పోయింది.

మళ్ళీ ఎండలు మొదలయ్యాయి. మొక్కు తీర్చాలి, ఆ ఇంటివాళ్ళకేమో ఏడాది మైల. పెళ్ళయి వేరే ఇంటిపేరు వచ్చింది, మైల అంటదు కాబట్టి అప్పలనర్సమ్మే ఘటం ఎత్తింది. బాబాయి పాప చెయ్యి పట్టుకుని ఇంటి ముందే నిలబడ్డాడు. ఆవిడ తిరిగొచ్చాక నెమ్మదిగా అడిగాడు.

"సెలవిచ్చిందేటి అక్కా, అది మాత్ర మింగడానికి?"

అప్పలనర్సమ్మ ఘటంలో అడుగున మిగిలిన పసుపునీళ్ళు పాప నెత్తిన చిలకరించింది.